మీటరు ముల్లుకి మొక్కడం ఆపండి

మన హామ్‌లలో పాతుకుపోయిన ఒక మూఢనమ్మకం మీద నాకు కడుపు మండిపోతోంది. రిగ్ పక్కన పెట్టుకున్న మీటరులో ఎస్.డబ్ల్యు.ఆర్. ముల్లు ఒకటి దగ్గర ఆగితే చాలు, యాంటెన్నా బ్రహ్మాండంగా పనిచేస్తున్నట్టే అని నమ్మడం, ఆ నమ్మకాన్ని కొత్తగా లైసెన్సు తీసుకున్న పిల్లలకి నూరిపోయడం. 20 మీటర్ల బ్యాండులో, గాల్లో కట్టిన డైపోల్ విషయంలో ఈ నమ్మకం పెద్ద హాని చెయ్యదు. 160 మీటర్లకీ, 80 మీటర్లకీ దిగేసరికి, అందులోనూ ఇంటి పక్కనున్న టవర్‌నే యాంటెన్నాగా మలుచుకుందామనుకునేవాళ్ళకి, ఇది నిలువునా మోసం. కష్టపడి తయారుచేసిన పవర్‌లో సగానికి పైగా మట్టిపాలవుతూ ఉంటే, ముల్లు మాత్రం ఒకటి దగ్గర నిలబడి అంతా బాగుందని చెబుతూనే ఉంటుంది.

డమ్మీ లోడ్ ఎరగని హామ్ లేడు. 50 ఓముల రెసిస్టరు, దాని చుట్టూ ఓ డబ్బా. రిగ్‌కి తగిలించి కీ నొక్కండి. 160 నుంచి 10 మీటర్ల దాకా ఏ బ్యాండులోనైనా ముల్లు ఒకటి దాటదు. పక్కవీధికి కూడా సిగ్నల్ చేరదు. కేబుల్‌లోకి వెళ్ళిన పవర్ తిరిగి వెనక్కి రాలేదన్నది ఒక్కటే మీటరు చెప్పగలిగిన మాట. అది ఆకాశంలోకి పోయిందా, రెసిస్టరులో వేడెక్కిందా, నేలలో ఇంకిపోయిందా అన్నది దానికి తెలియదు. ఇంత చిన్న సంగతి తెలిసి కూడా, సొంత టవర్ దగ్గరికి వచ్చేసరికి అందరం మరిచిపోతాం. అన్ని బ్యాండ్లకీ ఒకటికి ఒకటి అని ప్రకటన వేసి, లోపల రెసిస్టరు దాచి అమ్మే యాంటెన్నాలు చెల్లుబాటవుతున్నది ఈ మతిమరుపు వల్లే.

లెక్క చూద్దాం. లెక్క లేకుండా కోప్పడే హక్కు నాకు లేదు.

1.83 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 164 మీటర్లు. అందులో నాలుగో వంతు 41 మీటర్లు. మన ఇళ్ళ దగ్గర ఆ ఎత్తు టవర్ ఎవరికుంది? 60 అడుగులు, అంటే 18 మీటర్లు ఉంటే అదృష్టవంతులం. తరంగంలో తొమ్మిదో వంతు. అలాంటి బోసి టవర్‌కి రేడియేషన్ రెసిస్టెన్స్ 5 ఓములకి మించదు. పైన 20 మీటర్ల యాగీ ఉండి, దాని ఎలిమెంట్లు బూమ్‌కి లోహంతో లోహం అతికి ఉంటే, ఆ యాగీ టవర్ నెత్తిన గొడుగులా పనిచేసి కరెంటుని పైదాకా లాగుతుంది. అప్పుడు ఆ 5 ఓములు ఎక్కువలో ఎక్కువ నాలుగు రెట్ల దాకా పెరగొచ్చు. 15 అనుకుందాం. ఎలిమెంట్లు బూమ్ నుంచి ఇన్సులేట్ అయిన యాగీ అయితే ఈ లాభంలో చాలా భాగం దక్కదు, ఒక్క బూమ్ మాత్రమే పనికొస్తుంది. యాగీ కొనేటప్పుడు ఈ సంగతి అడిగేవాళ్ళని నేను చూడలేదు.

ఇప్పుడు నేల. టవర్ అడుగున ఒక్క ఎర్త్ పిట్ తప్ప ఏమీ లేదనుకోండి. నేల వల్ల పోయే నష్టాన్ని 25 ఓములుగా తీసుకుందాం. రాతినేల మీద ఇంతకంటే ఎక్కువే ఉండొచ్చు. యాగీ ఉన్న టవర్‌లో 15, 25 కలిపి 40 ఓములు. అందులో ఆకాశంలోకి వెళ్ళే భాగం 15. రిగ్ 100 వాట్లిస్తే 37 వాట్లు బయటికి వెళతాయి, 63 వాట్లు నేలని వేడిచేస్తాయి. బోసి టవర్‌లో అయితే 5 ఓములకి 25 నష్టం. 100 వాట్లలో 17 కూడా బయటికి రావు. అదే టవర్ కింద రేడియల్ తీగలు పరిచి ఆ నష్టాన్ని 5 ఓములకి దించండి. యాగీ ఉన్న టవర్ నుంచి 75 వాట్లు, బోసి టవర్ నుంచి 50 వాట్లు బయటికి వస్తాయి. సిగ్నల్ ఒకచోట రెట్టింపు, మరోచోట మూడు రెట్లు. ఇది రాగితీగతో వచ్చిన లాభం. కరెంటు బిల్లు పెరగదు, లైసెన్సు హద్దు దాటదు, పక్కింటి టీవీలో చారలు రావు.

ఇక్కడే మన పెద్దలు ఒక వాదం తెస్తారు. ‘టవర్‌కి గామా మ్యాచ్ కడతాం కదా, అది 50 ఓములకి మార్చేస్తుంది కదా, ఇంక నేల గొడవ దేనికి?’ ఈ వాదం విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే ఇందులో సగం నిజముంది, ఆ సగమే మనుషుల్ని తప్పుదోవ పట్టిస్తుంది. టవర్ అడుగు భూమికి అతికి ఉంటుంది కాబట్టి అక్కడ తెగ్గొట్టి ఫీడ్ చెయ్యలేం. అందుకని రెండుమూడు అడుగుల ఎడంలో టవర్ పొడవునా ఒక తీగ దించి, పైన ఒకచోట టవర్‌కి కలిపి, కిందిభాగాన కండెన్సర్ పెట్టి కోయాక్స్ తగిలిస్తాం. పైన కలిపే చోటు మారిస్తే ఓములు మారతాయి. తీగ తెచ్చే ఇండక్టెన్స్‌ని కండెన్సర్ కొట్టేస్తుంది. కలిపిన చోటు సరిగా కుదరకపోతే, మళ్ళీ మళ్ళీ టవర్ ఎక్కకుండా, ఆ తీగ కింది చివర నుంచి నేలకి రెండో కండెన్సర్ వేస్తే ఒమేగా మ్యాచ్ అవుతుంది. చక్కటి ఉపాయం, నేను కాదనను. కానీ ఆ ఏర్పాటు ట్రాన్స్‌ఫార్మర్ చేసే పనే చేస్తుంది. రేడియేషన్ రెసిస్టెన్స్‌ని ఎన్ని రెట్లు పెంచిందో, నేల నష్టాన్నీ అన్ని రెట్లే పెంచుతుంది. 15కి 25 అన్న నిష్పత్తి 50 ఓముల దగ్గర కూడా 15కి 25 గానే ఉంటుంది. మ్యాచింగ్ వల్ల నష్టం ఒక్క ఓము కూడా తగ్గదు, మీటరుకి కనపడకుండా పోతుంది, అంతే.

దీనికంటే కడుపు రగిలించే సంగతి ఇంకొకటుంది. నిండు పావుతరంగం ఎత్తున్న వర్టికల్‌కి రేడియేషన్ రెసిస్టెన్స్ 36 ఓములు. దాని కింద నేల నష్టం 14 ఓములు ఉందనుకోండి. మొత్తం 50. అడుగున నేరుగా ఫీడ్ చేస్తే ముల్లు కచ్చితంగా ఒకటి చూపిస్తుంది. ఆ హామ్ పండగ చేసుకుంటాడు. మరునాడు ఎవరో మంచిమాట చెబితే విని తీగలు పరుస్తాడు, నష్టం దాదాపు పోతుంది. ఇప్పుడు ఫీడ్ పాయింట్‌లో 36 ఓములు మిగిలాయి. ముల్లు 1.4కి ఎక్కింది. యాంటెన్నా బాగుపడింది, మీటరు పాడైందంటోంది. తీగలు వేసి చెడగొట్టుకున్నానని వాటిని తవ్వి తీసేసినవాళ్ళు ఉన్నారు. గామా తీగతో ఫీడ్ చేసే షంట్ ఫీడ్ టవర్‌లో అంకెలు వేరుగా ఉంటాయి గానీ ఈ ఉచ్చు అక్కడా ఉంది. నష్టం తగ్గేకొద్దీ బ్యాండ్‌విడ్త్ సన్నబడుతుంది, నిన్నటిదాకా కుదిరిన కండెన్సర్ ఇవాళ కుదరదు. అది శుభవార్త. దాన్ని చెడుగా చదవడం నేర్పింది మన గురువులే.

ఈ విషయం ఎవరికీ తెలియని రోజులు కావివి. అమెరికాలో ఆర్.సి.ఎ. ఇంజనీర్లు బ్రౌన్, లూయిస్, ఎప్‌స్టీన్ 1937లోనే పొలంలో తీగలు పూడ్చి కొలిచి చూపించారు. రెండు తీగలతో మొదలుపెట్టి 113 దాకా వెళ్ళారు. తీగలు పెరిగేకొద్దీ సిగ్నల్ ఎలా పెరుగుతుందో వాళ్ళ గ్రాఫుల్లో ఉంది. మీడియం వేవ్ స్తంభం కింద బండిచక్రం ఆకుల్లా 120 తీగలు పరచాలన్న ఆచారం ఆ పనినుంచే స్థిరపడింది. విజయవాడ ఆకాశవాణి 837 కిలోహెర్ట్జ్ మీద, హైదరాబాద్ 738 మీద వింటూ పెరిగిన తరం మనది. మీడియం వేవ్‌లో స్తంభమే యాంటెన్నా, దాని రెండో సగం నేలలో ఉంటుంది. మన 160 మీటర్లు ఆ మీడియం వేవ్‌కి ఆనుకునే ఉన్న బ్యాండు. వాళ్ళకి అవసరమైన నేల మనకి మాత్రం ఎందుకు అక్కర్లేకుండా పోయింది? ఎస్.డబ్ల్యు.ఆర్. భయాన్ని వాల్టర్ మ్యాక్స్‌వెల్ క్యూ.ఎస్.టి. పత్రికలో 1973లో మొదలుపెట్టిన వ్యాసాల్లో వేళ్ళతో సహా పెకిలించాడు. యాభై ఏళ్ళు దాటింది. మనం ఇంకా ముల్లు చుట్టూనే తిరుగుతున్నాం.

ఎర్త్ పిట్ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇది మన ప్రాంతపు జబ్బు. గొయ్యి తవ్వి, జి.ఐ. పైపు దించి, ఉప్పూ బొగ్గూ పొరలు పొరలుగా వేసి, వేసవిలో నీళ్ళు పోస్తూ ఉంటే అదే గొప్ప గ్రౌండ్ అని మనవాళ్ళ నమ్మకం. ఎలక్ట్రీషియన్ మెగ్గర్ పెట్టి రెండు ఓములు చూపిస్తాడు. ఆ రెండు ఓములు ఇంటి కరెంటుకి సంబంధించినవి. షాక్ తగలకుండా, పిడుగు పడితే దారి చూపడానికి ఆ పిట్ కావాలి, తప్పకుండా ఉండాలి. షంట్ ఫీడ్ టవర్‌కి ఉన్న గొప్ప సుగుణం కూడా అదే. అడుగు ఎప్పుడూ భూమికి అతికి ఉంటుంది, ఉరుముల కాలంలో నిశ్చింత. కానీ 1.8 మెగాహెర్ట్జ్ దగ్గర టవర్ నుంచి బయల్దేరిన కరెంటు చుట్టూ నలభై మీటర్ల మేర నేల అంతటా దిగి, అక్కణ్ణించి మట్టిలో పాక్కుంటూ టవర్ అడుక్కి తిరిగి రావాలి. దారి పొడవునా మట్టి దాన్ని తింటుంది. మధ్యలో నిలువుగా దించిన ఒక పైపు ఆ దారిని ఏమాత్రం బాగుచెయ్యదు. నేల మీద అడ్డంగా పరిచిన తీగలే ఆ కరెంటుని మట్టిలో పడకుండా పట్టి తెస్తాయి. కృష్ణా గోదావరి డెల్టాల తడి ఒండ్రునేలలో నష్టం కొంత తక్కువ. తెలంగాణ చల్కా నేలలో, కింద గ్రానైటు పరుచుకున్న చోట, తీగలు లేకుండా 160 మీటర్లలో దూరదేశం ఆశించడం వృథా ప్రయాస.

ఇక గామా డబ్బా. టవర్ అడుగున ప్లాస్టిక్ పెట్టెలో పాత వాల్వ్ రేడియోలోంచి ఊడదీసిన గ్యాంగ్ కండెన్సర్ పెట్టడం మనవాళ్ళకి అలవాటు. రేకుల మధ్య సందు గోరు మందం కూడా ఉండదు. తీగ రియాక్టెన్స్ 300 ఓములు అనుకుంటే, 100 వాట్ల దగ్గర ఆ రేకుల మధ్య 600 వోల్టుల పీక్ నిలబడుతుంది. 400 వాట్లకి అది 1200. వానాకాలం రాత్రి తేమ పట్టిన రేకుల మధ్య నీలిమంట చిటచిటలాడుతుంది. లోపల మ్యాచింగ్ కుదురుగా ఉన్నట్టే ఉండి, కీ నొక్కిన క్షణంలో ముల్లు ఎగిరిపడుతుంది. మన హామ్ వెంటనే టవర్‌ని, కేబుల్‌ని, రిగ్‌ని అనుమానిస్తాడు గానీ ఆ డబ్బా మూత తీసి చూడడు. సందు ఎక్కువున్న ట్రాన్స్‌మిటింగ్ కండెన్సర్ దొరక్కపోతే కోయాక్స్ ముక్క వాడండి. ఆర్.జి.-213 మీటరుకి సుమారు 100 పికోఫారడ్లు ఇస్తుంది. 300 ఓముల రియాక్టెన్స్ కొట్టెయ్యడానికి సుమారు 290 కావాలి, అంటే మూడు మీటర్ల ముక్క. కొంచెం పొడుగ్గా తీసుకుని, చివర నుంచి వేలెడు వేలెడు కత్తిరించుకుంటూ వచ్చి, కుదిరాక చివర నీరు దిగకుండా మూసెయ్యండి. పవర్ ఉన్నప్పుడు ఆ తీగని, ఆ పెట్టెని ఎవరూ ముట్టుకోకూడదు. పిల్లలు, పశువులు తిరిగే చోటైతే చుట్టూ కంచె కట్టి తీరాలి.

పైనుంచి దిగే రొటేటర్ కేబుల్, యాగీ కోయాక్స్ కూడా ఈ ఆటలో భాగమే. వాటిని టవర్ లోపలి నుంచి దించి, షీల్డుని పైనా కిందా టవర్‌కి అతికించకపోతే, కరెంటు వాటి వెంట ఇంట్లోకి నడిచి వస్తుంది. మైక్ పట్టుకుంటే పెదవికి చురుక్కుమన్న అనుభవం చాలామందికి ఉంది. ఇనుప గై వైర్లని ఎగ్ ఇన్సులేటర్లతో ముక్కలు చెయ్యకపోతే అవి లెక్కనంతా తారుమారు చేస్తాయి.

‘మరి కోయాక్స్‌లో నష్టం మాటేమిటి?’ అని అడుగుతారు. 30 మీటర్ల ఆర్.జి.-213లో, 1.8 మెగాహెర్ట్జ్ దగ్గర, అంతా మ్యాచ్ అయినప్పుడు పోయేది పావు డెసిబెల్. ఎస్.డబ్ల్యు.ఆర్. మూడైనా మొత్తం నష్టం అర డెసిబెల్‌కి చేరదు. అదే, తీగలు లేని బోసి టవర్ కింద నేల మింగేది దాదాపు 8 డెసిబెల్స్. అర డెసిబెల్ కోసం నెలల తరబడి పోట్లాడుతూ, 8 డెసిబెల్స్ పోతుంటే కన్నెత్తి చూడని తీరుని నేను క్షమించలేను. ఎస్.డబ్ల్యు.ఆర్. ఎక్కువైతే ఇప్పటి రిగ్‌లు పవర్ తగ్గించేసుకుంటాయి, నిజమే. అందుకోసం చివర్లో మ్యాచింగ్ చేసుకోండి. చివర్లో.

100 వాట్ల నుంచి 400కి వెళ్ళడానికి మనవాళ్ళు ఎంత ఖర్చు పెడతారో చూశాను. విదేశీ లీనియర్, కస్టమ్స్ సుంకం, దానికి తగ్గ ఇంటి వైరింగ్. వచ్చేది 6 డెసిబెల్స్. రాణిగంజ్‌లో మోటారు వైండింగ్ తీగ తెచ్చి బోసి టవర్ చుట్టూ పరిస్తే దాదాపు 5 వస్తాయి. ముందు తీగ, ఆ తర్వాత కావాలంటే లీనియర్. ఈ వరస తిరగేసినవాళ్ళు కొన్న పవర్‌తో నేలనే వేడి చేసుకుంటున్నారు.

స్థలం లేదనేది అందరూ చెప్పే సాకు. 200 గజాల ఇంట్లో నలభై మీటర్ల రేడియల్ ఎక్కడ పరుస్తాం? పరచక్కర్లేదు. ఉన్నంత మేరే పరచండి, ప్రహరీ దగ్గర వంచండి, గోడ వెంట తిప్పండి. రూడీ సెవర్న్స్ ఓపిగ్గా కొలిచి రాసిన ఫలితాలు చెప్పేది ఇదే. కొద్దిపాటి పొడుగు తీగల కంటే ఎక్కువ పొట్టి తీగలు మేలు. 16 దాకా లాభం బాగా కనిపిస్తుంది, 32 దాటాక చాలా తక్కువ. నేల మీద పడున్న తీగని రెసొనెన్స్‌కి కత్తిరించాల్సిన పని కూడా లేదు. పొలంలో టవర్ ఉన్నవాళ్ళకి ట్రాక్టర్ భయం, రాగి దొంగల భయం. రెండూ నిజమైన భయాలే. అందుకే లావు తీగ వద్దు. సన్నటి ఎనామిల్ తీగని జానెడు లోతు గీతలో దించి మట్టి కప్పెయ్యండి. దొంగకి కిట్టదు, కరెంటుకి చాలు. దున్నే మడిలో అయితే గట్ల వెంట నడిపించండి.

యాంటెన్నాని కొలిచే నానోవీఎన్ఏ ఇప్పుడు కుర్రాళ్ళ చేతుల్లో కూడా ఉంది. దాంతో ఎస్.డబ్ల్యు.ఆర్. ఒక్కటే చూసి మూసేస్తున్నారు. గామా తీగని కదపకుండా ఉంచి, నాలుగేసి రేడియల్స్ కలిపినప్పుడల్లా రియాక్టెన్స్ సున్నా చేసుకుని రెసిస్టెన్స్ ఎంతుందో, బ్యాండ్‌విడ్త్ ఎంతుందో కాగితం మీద రాయండి. ఆ రెండూ మారడం ఆగిపోయిన రోజున నేల చాలినట్టు. ఆ తర్వాత రివర్స్ బీకన్ నెట్‌వర్క్‌లో మన సి.డబ్ల్యు. ఎక్కడెక్కడ ఎంత బలంగా వినిపించిందో చూసుకోండి. మనతో పాటే అదే రాత్రి బ్యాండులో ఉన్న మరో భారతీయ స్టేషన్‌తో పోల్చుకోండి. అది గాల్లో జరిగిన పని మీద సాక్ష్యం.

టవర్ వర్టికల్‌ని సమర్థించడానికి తుఫాన్ల పేరు తెచ్చేవాళ్ళకి ఒక మాట. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్న భారతీ ప్రసాద్ హామ్ బృందం చేసిన సేవ మనందరికీ గర్వకారణం. కానీ తీరజిల్లా నుంచి పొరుగు జిల్లాకి కబురు పంపడానికి ఈ టవర్ పనికిరాదు. అది నెత్తి మీదకి సిగ్నల్ పంపదు. ఆ పనికి పది మీటర్ల ఎత్తున కట్టిన 80 మీటర్ల డైపోల్ కావాలి. టవర్ వర్టికల్ దూరాల కోసం. చలికాలం తెల్లవారుజామున, మనకి వెలుగు రాబోతూ యూరప్ ఇంకా చీకట్లో ఉన్న ఆ కాసేపట్లో, అలల కింద నుంచి పైకి తేలే సన్నటి సి.డబ్ల్యు. కోసం. ఉష్ణమండలంలో ఉన్నవాళ్ళం, ఉరుముల చప్పుడు మనకి ఏడాదిలో ఎక్కువ నెలలు తప్పదు. మన చెవికి వాళ్ళు దొరికేది తక్కువసేపు. ఆ తక్కువసేపట్లో వాళ్ళకి మనం వినపడకపోతే నిద్ర మానుకుని కూర్చున్నదానికి అర్థమేముంది?

కోచింగ్ తరగతులు నడిపే పెద్దలకి చేతులు జోడించి చెబుతున్నాను. పిల్లలకి ముందు నేల గురించి చెప్పండి, ఆ తర్వాత మీటరు చూపించండి. టవర్ ఉన్న మిత్రులారా, వానలు తగ్గి నేల ఇంకా మెత్తగా ఉన్న రోజుల్లోనే ఈ తవ్వకం తేలిక. కార్తీకం వెళ్ళేలోపు కనీసం 16 తీగలు నేలలోకి దించండి. అవి టవర్ కాలికి గట్టిగా బిగిశాయని చూసుకున్నాకే గామా కండెన్సర్ మీద చెయ్యి వెయ్యండి.